వెనక తలుపు సొట్ట

పది నిమిషాల్లో మొదలుపెట్టేస్తామమ్మా అని అధ్యక్షుడు చెప్పి అరగంట దాటింది. మైకు తెచ్చేవాడు దారిలోనే ఉన్నాడట, ముఖ్య అతిథి ఇంట్లోంచి బయల్దేరాడో లేదో ఎవరికీ తెలియదట, ఈలోగా ఆమెని తీసుకొచ్చి ముందు వరసలో నట్టనడిమి కుర్చీలో కూర్చోబెట్టారు, లేచి ఎటన్నా పారిపోతుందేమోనన్నట్టు పక్క కుర్చీలో మరిది. ఎదురుగా పొడుగాటి బల్ల, బల్ల మీద నీలం గుడ్డ, గుడ్డ కింద ఎత్తుపల్లాలు. ఏ ఎత్తు కింద ఏ కారుందో గుడ్డ తీయకుండానే ఆమె చెప్పగలదు. ఆ చివర బల్లపరుపుగా ఉన్నది పైకప్పు కోసేసిన రెండు సీట్ల కారు, దాని పక్కన పొడుగు ముక్కుది పందెం కారు, ఆ తర్వాత పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పే పాతకాలపు కారు. రోడ్ల మీంచి ఎప్పుడో మాయమైపోయిన అసలు కార్లన్నీ అరచేతిలో పట్టేంతయి అక్కడ ముసుగేసుకుని పడుకున్నాయి. చెప్పగలదంటే మరి చేసింది ఆమే కదా. ఆ సంగతి ఈ హాల్లో ఇంకెవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ, ఆమె భర్త, పోయి ఏడాదయింది, ఆయన ఫొటోకి ఫ్రేము కట్టించి గుడ్డ పక్కనే నిలబెట్టారు, ఆ ఫొటోలో కూడా ఆయన చేతిలో కారు, అదీ ఆమె చేసిందే. ఇవాళ గుడ్డ తీశాక ఆ కార్లు ఈ బొమ్మ కార్ల క్లబ్బు అద్దాల బీరువాలోకి వెళ్ళిపోతాయి, ఇక బయటికి రావు, ఒక్కోదాని ముందూ ఆయన పేరు చెక్కిన ఇత్తడి రేకు బిగిస్తారు. ఆ తర్వాత ఆమెని రెండు మాటలు మాట్లాడమంటారు. ఆ రెండు మాటలేమిటో ఆమె ఇంకా తేల్చుకోలేదు.

మాస్టారట. గోడకి కట్టిన బట్ట మీద మూరెడేసి అక్షరాలతో రాయించారు, మాస్టారి స్మారక ప్రదర్శన అని. ఎవరికేం నేర్పాడని మాస్టారు? తూనికలూ కొలతల ఆఫీసులో పనిచేసి కొట్లవాళ్ళ త్రాసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర కొట్టి వచ్చేవాడు, ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుని కూర్చుంటే మంచినీళ్ళ గ్లాసు కూడా ఎక్కడుంటుందో తెలియని మనిషి. రంగు బుడ్డి మూత తీస్తే సగం నేల మీద పోసేవాడు. ఒకసారి తలుపు పిడి అతికించబోయి తన బొటనవేలునే కారుకి అతికించుకుని, ఏమోయ్ ఏమోయ్ అని ఇల్లంతా తిరిగాడు. ఆ మహానుభావుడు ఈ క్లబ్బులో మాస్టారు. కొత్తగా చేరినవాళ్ళు ఆయన చేతులు పట్టుకుని చూసేవాళ్ళట, ఈ వేళ్ళేనా సార్ అని. ఆయన సిగ్గుపడుతున్నట్టు నటించేవాడట. మరిది ఇంటికొచ్చి ఈ ముచ్చట్లన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్తుంటే ఆమె తల వంచుకుని ఎవరివో కింది పళ్ళు నునుపు చేస్తూ ఉండేది.

ఆమె పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు అచ్చులు తీసి పంపిస్తే వాటిని బట్టి సుద్దలో మూసలు పోసి, మైనంలో చెక్కి, లోహంలో పోతపోసి, పింగాణీ పూసి కాల్చి, ఊరందరికీ నవ్వులు తయారుచేసి పంపడం ఆమె ఉద్యోగం. అక్కడా అంతే, చేసేది ఆమె, పేరు డాక్టరుది. అధ్యక్షుడుగారు అదిగో తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకల్లా పళ్ళికిలించి నమస్కారాలు పెడుతున్నాడే, కళ్ళ డాక్టరుగా పనిచేసి మానేశాడు, ఆ పై వరసంతా ఆమె కట్టిందే. నాలుగు నెలల కిందట సుద్ద మూస మీద పేరు చూసి నవ్వుకుంది. కొంచెం పచ్చగా, ఒక పన్ను పిసరంత వంకరగా పెట్టింది, ఆయన వయసుకి అదే అతుకుతుంది. డాక్టరు ఫోన్ చేసి, ఆయన మరీ తెల్లగా కావాలంటున్నారండీ అన్నాడు. తెల్లగా పెడితే కట్టుడు పళ్ళని వీధి చివర్నుంచే తెలిసిపోతుందని చెప్పి అలాగే పంపింది. ఇప్పుడు చూడు, ఎంత సొంత పళ్ళలా ఉన్నాయో. ఎవరు చేశారో తెలియకుండా ఆ నోటితోనే మాస్టారి చేతిలో ఏదో మహిమ ఉండేదమ్మా అంటాడు, కళ్ళ డాక్టరట, ఇన్నేళ్ళూ ఏం చూశాడో.

హాలు నిండుతోంది. గోడల వెంట మిగతా సభ్యుల బల్లలు, వాటి మీద వాళ్ళ వాళ్ళ సరుకు. అబ్బబ్బ, ఆ మెరుపులేమిటి. ఒక్క కారుకైనా రోడ్డు మీద తిరిగిన జాడ లేదు, టైరుకి మట్టంటదు, సీటుకి మడత పడదు, అన్నీ దంతధావనం చేసుకుని వరసగా నిలబడ్డట్టున్నాయి. అదిగో డబ్బాలాయన. కొన్న కారు డబ్బా విప్పితే విలువ పోతుందని జీవితంలో ఒక్క డబ్బా విప్పలేదు, డబ్బాలే పేర్చుకుని డబ్బాలే తుడుచుకుని డబ్బాల గురించే డబ్బా కొట్టుకుంటాడు. రబ్బరు టైర్లు గాలాడకపోతే మెత్తబడి కింద ప్లాస్టిక్కుని తినేసి దానికే అంటుకుపోతాయని ఎవరూ చెప్పలేదు పాపం. కిందటేడాది ఒకటి తిప్పి చూపిస్తుంటే ఆమె కంటపడింది, చక్రాలు నాలుగూ అడుగు చెక్కలోకి కరిగి దిగిపోయి ఉన్నాయి. చెప్దామనుకుని ఊరుకుంది. చెప్తే మాత్రం, మీకెందుకులెండి అక్కగారూ ఇవన్నీ అంటాడు. ఆ పక్కనున్న ఆయనవి ఇంకా పాతవి, అందులో ఒకదాని బానెట్ మీద వెంట్రుకంత పగులు. అది రంగు పగులు కాదు. లోహంలో కల్తీ ఉంటే పన్ను పుచ్చినట్టే లోపల్నుంచి పుచ్చిపోతుంది, పైకి బాగానే ఉంటుంది, ఓ రోజు చేతిలోకి తీసుకుంటే పిండయి రాలుతుంది. ఆయన దాన్ని మెత్తటి బ్రష్షుతో ఎంత ముద్దుగా దులుపుతున్నాడో. దులుపుకో నాయనా దులుపుకో.

ఎలా మొదలైందీ గోల. ఆయన ఎక్కడో ఒక బొమ్మ కారు కొనుక్కొచ్చాడు, తలుపు తెరవబోయి విరగ్గొట్టాడు, చిన్నపిల్లాడిలా మొహం పెట్టుకుని ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆమె అడుగున ఉన్న రివెట్లు తొలిచి కారుని రెండు ముక్కలు చేసింది, తలుపుకి కట్టుడు పళ్ళ గులాబిరంగు ప్లాస్టిక్కుతో కీలు చేసింది, ఎటూ విప్పాం కదా అని పైకప్పు కోసేసింది, పాత పర్సు తోలుతో సీట్లు కుట్టింది, పన్ను తొడుగుకి పోయగా మిగిలిన లోహంతో బంపరు పోసింది. సరదాకి. పళ్ళు చేసీ చేసీ విసుగెత్తి. ఆయన దాన్ని క్లబ్బులో ఏటా పెట్టే పోటీకి పట్టుకెళ్ళాడు. ఎవరు చేశారని అడిగితే, ఇంట్లో చేశామండీ అన్నాడట. మరుసటేడు రెండో కారుకి, చేశానండీ అన్నాడు. మూడో కారుకి ఇక ఎవరూ అడగలేదు. బహుమతి అందుకుని ఇంటికొచ్చి కప్పుని టీవీ మీద పెట్టి, మనకే వచ్చిందోయ్ అన్నాడు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ మనమే. గుమ్మం దాటితేనే నేను.

ఆమెకి అప్పుడు కోపం రాలేదా అంటే రాలేదు. ఏహ్యం కలిగింది, అంతే. ఈ మేళం మెచ్చుకుంటే ఎంత, మెచ్చుకోకపోతే ఎంత అనుకుంది. మొదటిసారి ఆయన వెంట ఈ హాలుకి వచ్చినప్పుడు ఎవరో, అక్కగారూ, టీలు ఎక్కడిదాకా వచ్చాయో కాస్త చూస్తారా అన్నారు. చూసింది. ట్రే పట్టుకుని తన కారు చుట్టూ గుమిగూడిన వీపుల మధ్యనుంచి దూరి ఒక్కొక్కరికీ అందించింది కూడా. ఆ హెడ్‌లైట్ అద్దాలు ఏ దేశం నుంచి తెప్పించాడో అని ఒకడు, వజ్రాలు సానపట్టే దగ్గర చేయించి ఉంటాడని ఇంకొకడు. చిగుళ్ళ ప్లాస్టిక్కురా నాయనా, రంగు కలపనిది. నవ్వు ఆపుకోలేక ట్రే కింద పెట్టేసి వచ్చింది. అంత తెలివితక్కువ మనుషుల చేత భేష్ అనిపించుకోవడానికి ఎగబడటం తన స్థాయికి తగదనుకుంది. అలా అనుకునే ఇన్నేళ్ళు గడిపేసింది. ఇప్పుడీ కుర్చీలో కూర్చుని ఆ నీలం గుడ్డ వంక చూస్తుంటే, ఆ చులకనే తన నోరు కట్టేసిందేమోనని మొదటిసారి అనుమానం వస్తోంది. వాళ్ళని పురుగుల్లా చూసి తనేమో మహారాణిలా పైన కూర్చున్నాననుకుంది, కప్పులు మాత్రం ఆయన పట్టుకుపోయాడు, ఇవాళ ఇత్తడి రేకులు కూడా. లేచి నిలబడి, ఇవన్నీ నేను చేసినవి అనొచ్చు. అంటే ఏమవుతుంది? పాపం, భర్త పోయిన దిగులు అంటారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చిస్తారు. ఏడ్చినట్టే ఉంటుంది.

మరిది టీ తాగి కాగితం కప్పుని నలిపి, పెట్టడానికి చోటు లేక చేతిలోనే పట్టుకుని ఆమె వైపు వంగాడు. మంచివాడే, బుర్ర ఒక్కటే తక్కువ. అన్నయ్య చేసినవన్నీ ఒక్కటి కూడా వదలకుండా అప్పజెప్పేశాను వదినా అన్నాడు, ఆమె పనిలో ఉన్నప్పుడు నెల కిందట వచ్చి బీరువా ఖాళీ చేయించింది అతనే. ఆమే ఒప్పుకుంది, ఆ బీరువా అద్దంలో పొద్దున్నే తన మొహం చూసుకోలేక. కింది అరలో గుడ్డ చుట్టి పెట్టిన ఆకుపచ్చది కూడా ఇచ్చేశానని అతను నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు.

"ఏ ఆకుపచ్చది?"

"అదే వదినా, మన పాత కారులాంటిది. అన్నయ్య సగంలో వదిలేశాడు కదా."

ఆమె గుడ్డ వైపు తిరిగింది. ఎడమ నుంచి లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది. నిజమే, మధ్యలో బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఒక ఎత్తు, ఇందాకట్నుంచీ దాన్ని చూస్తూనే ఉంది, వేరే ఏదో అనుకుంది. అది సగంలో వదిలేసింది కాదు. అది ఒక్కటే ఆమె తనకోసం చేసుకున్నది, అది ఒక్కటే ఆయన క్లబ్బుకి పట్టుకెళ్ళనిది. దాని ముందు కూడా రేకు బిగిస్తారు కాబోలు. మిగతావన్నీ తీసుకుపొండి, మీ కప్పులూ మీ బీరువాలూ మీ మాస్టారూ మీరే ఉంచుకోండి, అది మాత్రం. మరిది ఇంకా ఏదో చెప్తున్నాడు, అన్నయ్య ఆత్మ అనీ, క్లబ్బువాళ్ళు ఎంతో శ్రద్ధగా అనీ. నోరు ముయ్యమని చెప్పడానికి కూడా ఆమెకి ఓపిక లేకపోయింది.

ఆ కారు, అసలుది, మామగారి నుంచి వచ్చింది. బూడిద కలిసిన ఆకుపచ్చ, బరువు, గుండ్రటి నెత్తి, తలుపు వేస్తే వీధంతా వినపడేది. ఆయన దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకునేవాడు. గేట్లోంచి వెనక్కి తీయాలంటే పెద్ద తతంగం. ఆమె చేస్తున్న పని వదిలేసి వెళ్ళి వీధిలో నిలబడి రానీ రానీ రానీ అనాలి, ఆయన అంగుళం కదిపి, ఆపి, దిగి, స్తంభానికీ కారుకీ మధ్య ఎడం చూసుకుని, మళ్ళీ ఎక్కి, మళ్ళీ అంగుళం. వీధిలోవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమెకి సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది, ఇలాంటి పిరికివాణ్ణి కట్టుకున్నానేమిటా అని. ఆ రోజు ఆయన కారు తుడుచుకుంటున్నాడు. ఆమె లోపల ఎవరిదో పళ్ళ బ్రిడ్జి కోస్తోంది, లోహం కోసే చిన్న చక్రం విరిగి ఎగిరి కుడిచేతిలో దిగింది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. ముందు నొప్పి లేదు. బొటనవేలు వంచబోతే వంగలేదు, అప్పుడు భయం వేసింది. వాకిట్లోకి వచ్చి ఏవండీ అంది. ఆయన చూశాడు, చేతిలో తుడుస్తున్న గుడ్డ ఉంది, ఆ గుడ్డే చుట్టేశాడు, ఆమెని వెనక సీట్లోకి తోసి స్టీరింగు పట్టుకున్నాడు. రానీ రానీ అనడానికి ఎవరూ లేరు. ఒక్క ఊపున వెనక్కి తీశాడు. ధన్‌మని మోగింది, కారంతా ఊగింది, ఆమె తల అద్దానికి కొట్టుకుంది, ఎడమవైపు వెనక తలుపు గేటు స్తంభానికి ఒరుసుకుపోయి లోపలికి కుంగింది. ఆయన దిగలేదు. కనీసం తల తిప్పి చూడలేదు. చెయ్యి పైకెత్తి పట్టుకో, మాట్లాడకు, అన్నాడు. ఆసుపత్రి మెట్ల ముందు కారుని అడ్డంగా వదిలేసి, ఇంజను ఆపకుండా, తలుపు వెయ్యకుండా ఆమెని లోపలికి లాక్కుపోయాడు, వెనకాల కాపలావాడు అరుస్తూనే ఉన్నాడు.

నరం అతికింది. వేలు వంగింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ మామూలు మనిషి అయిపోయాడు. సొట్ట చూసి వచ్చేపోయేవాళ్ళందరికీ స్తంభం వంకరగా కట్టారని చెప్పేవాడు, ఎందుకు గుద్దాడో ఒక్కరికీ చెప్పలేదు. రేపు చేయిద్దాం ఎల్లుండి చేయిద్దాం అంటూ దాన్ని బాగుచేయించలేదు కూడా, పిసినారితనమని ఆమె అనుకుంది, అదే నిజం కావచ్చు. చివరికి కారుని ఆ సొట్టతోనే అమ్మేశాడు. ఆమె మాత్రం ఒక లెక్క ఎన్నోసార్లు వేసుకుంది. ఆయన మీద అసహ్యం నెత్తికెక్కిన రోజుల్లో, కప్పు టీవీ మీద పెట్టి మనకే వచ్చిందోయ్ అన్న సాయంత్రాల్లో, ఆ రోజు అంత పరుగు ఈ చెయ్యి కోసమా, నా కోసమా అని. బొమ్మ కార్ల పిచ్చి ఆ తర్వాతెప్పుడో పట్టింది. ఆ రోజుకి ఈ చేత్తో ఆయనకి ఏ అవసరమూ లేదు. కాబట్టి చెయ్యి కోసం కాదు. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క అక్కడికే వచ్చేది. అంత లెక్క వేసుకోవాల్సి వచ్చినందుకు తన మీద తనకే రోతగా ఉండేది, అయినా వేసుకునేది.

ఆయన మంచం పట్టిన నెలల్లో ఆ ఆకుపచ్చ బొమ్మ కారు చేసింది. ఎవరూ అడగలేదు, పోటీ లేదు. తలుపుని మైనంలో చెక్కింది, పది తలుపులు చెక్కి పారేసింది. సొట్ట వెయ్యడం ఎంత కష్టమో ఈ మెరుపులవాళ్ళకేం తెలుసు. రేకు కుంగితే ఒక్కచోటే కుంగదు, చుట్టూ ఉబ్బుతుంది, కింద అంచు బిగుస్తుంది, పిడి పక్కకి తిరుగుతుంది. కళ్ళు మూసుకుని ఆ తలుపు మీద చెయ్యి రాసుకున్న గుర్తుతో చెక్కింది. లోహంలో పోతపోసింది. స్తంభం సున్నం అంటుకున్న తెల్లటి చారని కాస్తంత సుద్దతో రుద్దింది. అంతా అయ్యాక ఆయన పక్క మీద పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. సన్నబడిపోయిన చూపుడువేలు కొనని ఆ సొట్టలో పెట్టాడు, సరిగ్గా అమరింది, అలాగే ఉంచాడు.

"ఇది పోటీకి వద్దు" అన్నాడు.

మార్కులు పోతాయనా అని ఆమె దెప్పింది. ఆయన మాత్రలు ఎక్కడున్నాయని అడిగాడు. సొట్టకారు పెడితే మాస్టారి పరువు పోతుందనుకున్నాడా, లేక. ఆ లేక దగ్గరే ఏడాదిగా ఆగిపోయి ఉంది. బతికున్నప్పుడు ఏనాడూ ఒక మాట తిన్నగా చెప్పి చావలేదు, పోతూ పోతూ కూడా అదే పద్ధతి.

ఎవరో మైకు పట్టుకొచ్చారు. అది కూసింది, గురగురలాడింది, ఊరుకుంది. ముఖ్య అతిథి రావడం లేదనీ, ఆయన శుభాకాంక్షలు పంపారనీ అధ్యక్షుడు చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు, రానందుకు చప్పట్లేమిటో. ఈ సందట్లో టైల్సాయన ఆమె కుర్చీ ముందుకొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఊళ్ళో సగం బాత్‌రూములకి టైల్స్ అతనివే, క్లబ్బులో అందరికన్నా ఎక్కువ మెరిసే కార్లూ అతనివే. మీకో ఆశ్చర్యం ఉందమ్మా, ఇప్పుడు చెప్పను, గుడ్డ తీశాక చూస్తారు అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అతని చూపుడువేలి గోరు మూలన ఆకుపచ్చ రంగు ఇరుక్కుని ఉంది. బూడిద కలిసిన ఆకుపచ్చ కాదు, బజార్లో దొరికే పచ్చి ఆకుపచ్చ.

ఉపన్యాసాలు సాగాయి. మాస్టారి సహనం, మాస్టారి చూపు, మాస్టారి వేళ్ళు. గుడ్డ కింది ఆ గుండ్రటి ఎత్తు తప్ప హాల్లో ఇంకేమీ లేదు. అధ్యక్షుడు రెండు చివర్లూ పట్టుకోమని ఇద్దరికి చెప్పాడు, గుడ్డ లేచింది, గాలికి ఫొటో కొంచెం కదిలింది. ఆహా అన్నారు అందరూ. మధ్యలో ఆకుపచ్చ కారు తళతళలాడుతోంది. ఎడమవైపు ఇటే తిరిగి ఉంది. వెనక తలుపు నున్నగా, తిన్నగా, బల్ల చెక్కలా ఉంది. సొట్ట లేదు.

టైల్సాయన మైకు లాక్కున్నాడు. మాస్టారు పూర్తిచేయకుండా వెళ్ళిపోయిన ఒకే ఒక్క కారు ఇదనీ, వెనక తలుపు పోతలో లోపం వచ్చి కుంగిపోతే సరిచేసే ఓపిక పాపం ఆఖరి రోజుల్లో ఆయనకి లేకపోయిందనీ, తను పుట్టీ పెట్టి, ఆరబెట్టి, రుద్ది, మళ్ళీ పెట్టి, మళ్ళీ రుద్ది, రంగు వేసి పూర్తిచేశాననీ, దాని మీద ఏదో తెల్లటి మరక కూడా ఉంటే శుభ్రం చేశాననీ, మాస్టారు ఎక్కడున్నా సంతోషిస్తారనీ చెప్తూ జేబురుమాలు వెతుక్కుంటూ ఆగాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డబ్బాలాయన కళ్ళు తుడుచుకున్నాడు. మరిది అయితే వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆమె చప్పట్ల మధ్యే లేచింది, అదే అదననుకుని అధ్యక్షుడు మైకుని ఆమె వైపు చాపాడు. ఆమె మైకుని దాటి బల్ల దగ్గరకెళ్ళింది. ఆకుపచ్చ కారుని తీసి ఎడమచేతిలో పట్టుకుంది, బరువు అదే, అంటే లోపలి పోత అలాగే ఉంది, వీళ్ళు దాన్ని తియ్యలేదు, మీద మెత్తారంతే. వీళ్ళ మొహాలకి తియ్యడం కూడా చేతకాదు. చేతిసంచిలోంచి కళ్ళజోడు పెట్టె తీసింది. కట్టుడు పళ్ళు ఒరుసుకుంటున్నాయని దారిలో ఎవరు ఎక్కడ పట్టుకుంటారో తెలియదు కాబట్టి మైనం గీకే చిన్న కత్తి ఎప్పుడూ అందులో ఉంటుంది. దాన్ని తీసి, కుడిచేతి బొటనవేలిని కారు వీపుకి ఆనించి, కత్తి మొనని వెనక తలుపు నడిమధ్య గుచ్చి గీకింది.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పచ్చి ఆకుపచ్చ పెచ్చు ఒకటి లేచి బల్ల మీద పడింది, వెనకాలే తెల్లటి పుట్టీ పొడి. టైల్సాయన నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయాడు. వదినా, వదినా అని మరిది వెనకనుంచి మోచెయ్యి పట్టుకోబోతే విదిలించింది. అధ్యక్షుడు మైకు ఆపడం మర్చిపోయి మెల్లగా దగ్గరకొచ్చాడు, ఆమె కట్టిన పై వరసంతా బయటపడేలా ఇబ్బందిగా నవ్వాడు.

"అమ్మా, ఏం చేస్తున్నారు? మాస్టారి కారమ్మా అది."

ఆమె తల ఎత్తలేదు. పిడి పక్కన ఇరుక్కున్న పుట్టీని మొనతో జాగ్రత్తగా లాగింది, కింద అంచు బయటపడింది, ఉబ్బు బయటపడింది, ఆ తర్వాత కుంగిన చోటు.

"ఇందులో ఆయనది ఈ సొట్ట ఒక్కటేనండీ" అంది. "కారు నేను చేశాను. ఈ బల్ల మీదున్నవన్నీ నేనే చేశాను."

మైకు ఆ మాటల్ని హాలు చివరిదాకా మోసుకెళ్ళింది. ఎవరో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని రెండడుగులు వేసి అక్కడే ఆగిపోయారు. ఆమె పొడిని ఊదింది. అంతా పోలేదు, సొట్ట అడుగున సన్నటి చారలా తెల్లగా కొంచెం మిగిలింది, అచ్చం స్తంభం సున్నంలాగే. దాన్ని అలాగే ఉంచింది. కత్తి తుడిచి పెట్టెలో పెట్టుకుని, కారుని బల్ల మీద పెట్టకుండా చేతిసంచిలో వేసుకుని, ఇటు తిరిగి మరిదిని ఇంటికి పోదాం పదమంది.